బరువు, భారం, కథాసత్యం: టిమ్ ఓబ్రయన్ 'ద థింగ్స్ దే క్యారీడ్'లో సైనికుని స్మృతి

వ్యాససంగ్రహం:

వియత్నాం యుద్ధంలో పదాతి సైనికునిగా పనిచేసిన అమెరికన్ రచయిత టిమ్ ఓబ్రయన్ 1990లో వెలువరించిన 'ద థింగ్స్ దే క్యారీడ్' సైనికుని మానసిక భారాన్నీ, జ్ఞాపకాన్నీ, సత్యాన్నీ విడదీయరాని ఒకే సమస్యగా చూసిన రచన. జరిగిన సత్యం వేరు, కథాసత్యం వేరు అని ఆ గ్రంథం చేసే ప్రతిపాదన ఎక్కడ బలంగా నిలుస్తుందో, ఎక్కడ నైతికమైన చిక్కులో పడుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ద్రోణపర్వంలోని ధర్మరాజు అర్ధసత్యం, వియత్నామీ రచయిత బావో నిన్ నవల, ఓబ్రయన్ 1994లో రాసిన మైలాయ్ నవల ఈ పరిశీలనకు తోడ్పడతాయి.

కీలక పదాలు: యుద్ధ కథాసాహిత్యం, వియత్నాం యుద్ధం, స్మృతి, కథాసత్యం, మెటాఫిక్షన్, టిమ్ ఓబ్రయన్, బావో నిన్, మైలాయ్.

1. ఉపోద్ఘాతం:

టిమ్ ఓబ్రయన్ 1946లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో జన్మించారు. 1968లో కళాశాల చదువు ముగియగానే నిర్బంధ సైనిక సేవకు పిలుపు వచ్చింది. 1969-70 సంవత్సరాలలో వియత్నాంలోని క్వాంగ్ ఙాయ్ ప్రాంతంలో పదాతి దళంలో పనిచేశారు. ఆ అనుభవాన్ని ఆయన మొదట స్వీయకథగా (1973) రాశారు. తరువాత 'గోయింగ్ ఆఫ్టర్ కాచియాటో' (1978) అనే నవలగా మలిచారు. దానికి అమెరికా నేషనల్ బుక్ అవార్డు లభించింది. ఒకే ఏడాది అనుభవానికి మూడోసారి రూపమివ్వడానికి చేసిన ప్రయత్నం 'ద థింగ్స్ దే క్యారీడ్'. ఇందులో ఇరవై రెండు భాగాలున్నాయి. కొన్ని పూర్తి కథలు, కొన్ని ఒకటి రెండు పుటల ఖండికలు. దీన్ని నవల అనాలా, కథల సంపుటి అనాలా అన్న చర్చ ఇంకా తెగలేదు. తెగవలసిన అవసరమూ కనిపించదు.

అసలు చిక్కు ప్రక్రియ పేరులో కాక కథకుని పేరులో ఉంది. కథకుని పేరు కూడా టిమ్ ఓబ్రయనే. అతనికి నలభై మూడేళ్లు, వృత్తి రచన, పదేళ్ల కూతురు కాథ్లీన్ ఉంది. పుస్తకం రాసిన ఓబ్రయన్‌కు అప్పటికి కూతురు లేదు. గ్రంథాన్ని అంకితమిచ్చింది ఆల్ఫా కంపెనీ సైనికులకు. జిమ్మీ క్రాస్, నార్మన్ బౌకర్, రాట్ కైలీ, మిచెల్ శాండర్స్, హెన్రీ డాబిన్స్, కయోవా అనే ఆ పేర్లన్నీ కల్పితాలే. అంకితం పుట నుంచే కల్పన మొదలవుతుందన్నమాట. ఇంగ్లీషులో రచయితకూ కథకునికీ ఒకే క్రియారూపం సరిపోతుంది కనుక ఇద్దరూ సులభంగా కలిసిపోతారు. తెలుగు ఆ సౌలభ్యం ఇవ్వదు. రచయిత 'రాశారు', కథకుడు 'రాశాడు' అని ప్రతి వాక్యం చివరా తేల్చుకోవలసిందే. ఈ గ్రంథాన్ని గురించి తెలుగులో రాసే విమర్శకుడు ఎక్కడ 'రు' పెట్టాలో, ఎక్కడ 'డు' పెట్టాలో తేలక ఆగే చోట్లే గ్రంథంలోని కీలక స్థలాలు కావడం గమనార్హం.

2. తూకం వేసిన బరువులు:

శీర్షిక కథ మొదట 1986లో 'ఎస్క్వైర్' పత్రికలో వచ్చింది. బాహ్యరూపంలో అది ఒక జాబితా. ఉక్కు శిరస్త్రాణం ఐదు పౌండ్లు. రేడియో మోసే వాడికి బ్యాటరీతో కలిపి ఇరవై ఆరు పౌండ్లు. ఎం-60 మెషిన్‌గన్ తూటాలు లేకుండానే ఇరవై మూడు పౌండ్లు. వైద్య సహాయకుడు రాట్ కైలీ సంచిలో మార్ఫిన్, ప్లాస్మా, వాటితో పాటు బొమ్మల కథల పుస్తకాలు, మిఠాయి బిళ్లలు. ఆదివాసి అమెరికన్ అయిన కయోవా దగ్గర తండ్రి ఇచ్చిన బైబిలు కొత్త నిబంధన, తాతగారి వేట గొడ్డలి. లెఫ్టినెంట్ జిమ్మీ క్రాస్ దగ్గర మార్తా అనే యువతి రాసిన ఉత్తరాలు. వాటి బరువు పది ఔన్సులు.

సైనిక గిడ్డంగి గుమస్తా రాసే భాష ఇది. ఓబ్రయన్ ఆ భాషను వదలకుండానే దానిలోకి తూకానికి లొంగని వస్తువులను ఒక్కొక్కటిగా చేరుస్తారు. తెల్లవాడిమీద కయోవాకు తాతతండ్రుల నుంచి వచ్చిన అపనమ్మకం, చనిపోయిన వాడి జ్ఞాపకం, భయం, ఆకాశం, నేల తేమ, అన్నీ అదే పట్టికలోకి వచ్చిపడతాయి. పట్టిక వాక్యనిర్మాణం మారదు, క్రియ మారదు, మారేది కర్మ మాత్రమే. ఆయుధం పక్కన భయాన్ని నిలబెట్టినప్పుడు పాఠకుడు భయాన్ని కూడా పౌండ్లలో ఊహించుకోవడం మొదలుపెడతాడు. మనోభావాన్ని వర్ణించే విశేషణం ఒక్కటీ వాడకుండా మనోభారాన్ని చూపడం ఈ కథ సాధించిన మొదటి విజయం.

ఇక్కడ తెలుగు క్రియ ఒకటి ఆలోచనకు వస్తుంది. 'మోయు' అన్న మాట మూటకూ వర్తిస్తుంది, నిందకూ వర్తిస్తుంది. పల్లకీ మోస్తారు, బిడ్డను కడుపున మోస్తారు, అప్పు మోస్తారు, శవాన్ని మోస్తారు. అయితే నామవాచకానికి వచ్చేసరికి వాడుక రెండు దారులు పడుతుంది. 'బరువు' తూకపురాయి వైపు మొగ్గుతుంది, 'భారం' మనసు వైపు మొగ్గుతుంది. ఓబ్రయన్ కథ చేసే పని ఈ రెంటి నడుమ గీతను చెరిపివేయడం. కనుక ఈ కథను తెలుగులోకి తెచ్చే వారు మొదటి పుటల్లో 'బరువు' అని, చివరి పుటల్లో 'భారం' అని అనువదిస్తే అర్థం దక్కుతుంది గాని కథ దక్కదు.

టెడ్ లావెండర్ మరణం ఈ జాబితాకు నడిబొడ్డు. భయం తట్టుకోలేక మత్తుబిళ్లలు మింగే ఆ కుర్రవాడు ముప్పై నాలుగు తూటాలు మోస్తూ, మూత్రవిసర్జనకు వెళ్లి తిరిగి వస్తూ తలకు గుండు తగిలి కూలిపోతాడు. ఆ క్షణంలో క్రాస్ ధ్యాస మార్తా మీద ఉంది. మర్నాడు అతడు ఆమె ఉత్తరాలను, ఛాయాచిత్రాలను గోతిలో కాలుస్తాడు. పది ఔన్సులు తగ్గాయి. కాని చాలా ఏళ్ల తరువాత వచ్చే 'లవ్' అనే ఖండికలో క్రాస్ కథకుని ఇంటికి వస్తాడు. లావెండర్ చావుకు తన్ను తాను క్షమించుకోలేదని చెబుతాడు. వెళ్లేముందు ఫలానా విషయం మాత్రం రాయవద్దని కోరుతాడు. కథకుడు మాటిస్తాడు. ఆ విషయమేమిటో పాఠకునికి తెలియదు. ఇన్ని బరువులను తూచి చూపిన పుస్తకంలో ఒక మూట విప్పకుండానే మిగిలిపోతుంది.

3. సిగ్గు:

యుద్ధసాహిత్యంలో భయాన్ని గురించి చాలామంది రాశారు. సిగ్గును గురించి రాసినవారు తక్కువ. సైనికులు చచ్చేది, చంపేది పరాక్రమం వల్ల కాదని, నలుగురిలో నవ్వులపాలవుతామన్న సంకోచం వల్లనని ఓబ్రయన్ శీర్షిక కథలోనే సూచించారు. 'ఆన్ ద రెయినీ రివర్' దాన్ని విస్తరిస్తుంది. 1968 జూన్‌లో సైనిక పిలుపు అందుకున్న కథకుడు పందిమాంసపు కర్మాగారంలో పని వదిలి కెనడా సరిహద్దుకు పారిపోతాడు. నది ఒడ్డున పాత విశ్రాంతిగృహం యజమాని, ఎనభై ఒక్క ఏళ్ల ఎల్‌రాయ్ బెర్డాల్ అతనికి ఆరు రోజులు ఆశ్రయమిస్తాడు. ఒక్క ప్రశ్న కూడా వేయడు. చివరికి పడవలో కెనడా తీరానికి ఇరవై గజాల దూరం దాకా తీసుకుపోయి గాలం వేసి కూర్చుంటాడు. కథకుడు దూకలేడు. ఊరివాళ్లు, తల్లిదండ్రులు, చిన్ననాటి గురువులు అందరూ తీరాన నిలబడి చూస్తున్నట్టు అనిపించి ఏడుస్తాడు. యుద్ధానికి వెళతాడు. తాను పిరికివాణ్ణి కనుకనే వెళ్లానన్నది అతని నిర్ధారణ.

ఓబ్రయన్ ఆ నదికి ఎన్నడూ వెళ్లలేదు. ఆ వృద్ధుడు లేడు. ఆ వేసవిలో తాను ఇంట్లోనే ఉండి మథనపడ్డానని ఆయనే తరువాత ఉపన్యాసాలలో చెప్పారు. మనసులో జరిగిన పెనుగులాటను బయటికి చూపడానికి నది కావలసి వచ్చింది, పడవ కావలసి వచ్చింది, చూస్తూ మౌనంగా ఉండే ఒక సాక్షి కావలసి వచ్చాడు. కథాసత్యం అనే ప్రతిపాదన అత్యంత నిర్మలంగా పనిచేసే స్థలం ఇదే. ఇక్కడ కల్పన ఎవరికీ హాని చేయదు. కల్పించుకున్న నేరం కథకునిదే, శిక్షా అతనిదే.

4. ఒక మరణం, ముగ్గురు దోషులు:

అన్ని భాగాలూ అంత నిర్మలంగా ఉండవు. కయోవా మరణాన్ని గ్రంథం పదేపదే తిరగదోడుతుంది. వర్షాకాలపు రాత్రి, నది పక్కన ఊరి మరుగుదొడ్డిగా వాడే పొలంలో దళం మకాం వేస్తుంది. ఫిరంగి గుండ్లు పడతాయి. కయోవా ఆ బురదలో మునిగి చనిపోతాడు.

'స్పీకింగ్ ఆఫ్ కరేజ్'లో ఆ దోషం నార్మన్ బౌకర్‌ది. యుద్ధం నుంచి ఇంటికి వచ్చిన బౌకర్ జులై 4 సాయంత్రం తండ్రి కారులో ఊరి చెరువు చుట్టూ ఏడు మైళ్ల దారిలో మళ్లీ మళ్లీ తిరుగుతాడు. తనకు ఏడు పతకాలు వచ్చిన సంగతి, ఎనిమిదోది కొద్దిలో తప్పిపోయిన సంగతి, కయోవా కాలు పట్టుకుని లాగుతూ ఆ దుర్గంధం భరించలేక వదిలేసిన సంగతి చెప్పాలని ఉంది. వినేవారు లేరు. తండ్రి టీవీలో బేస్‌బాల్ చూస్తుంటాడు. ఒకప్పటి స్నేహితురాలికి పెళ్లయింది. ఊరు తన పండుగలో తాను మునిగి ఉంది. చెరువు చుట్టూ తిరిగే ఆ కారు తెగని జ్ఞాపకానికి రూపం. అయినా ఓబ్రయన్ ఆ మాట ఎక్కడా అనరు. దారిలో కనబడిన పిల్లల్ని, పడవల్ని ప్రతి చుట్టులోనూ కాస్త మార్చి చూపుతూ పోతారు. గ్రంథంలో మొత్తం మీద శిల్పం పట్ల అతి తక్కువ స్పృహ ఉన్న కథ ఇది, బహుశా అందుకే అతి బలమైనదీ ఇదే.

వెంటనే వచ్చే 'నోట్స్' ఆ కథను కింద నుంచి తవ్వేస్తుంది. 1975లో బౌకర్ పదిహేడు పుటల ఉత్తరం రాసి తనలాంటివాడి కథ రాయమన్నాడని, రాసిన మొదటి కథలో కయోవా ఊసు లేకపోవడం చూసి నొచ్చుకున్నాడని, 1978లో ఉరివేసుకున్నాడని కథకుడు చెబుతాడు. చివర ఒక ఒప్పుకోలు ఉంది. ఆ రాత్రి చేయి వదిలేసింది బౌకర్ కాదు, ఆ భాగం తన సొంతం. అంటే స్నేహితుని కథను సరిదిద్దే నెపంతో కథకుడు తన దోషాన్ని చనిపోయిన స్నేహితుని భుజాన పెట్టాడు. మూడో కథనం 'ఇన్ ద ఫీల్డ్'. అందులో పేరులేని ఒక కుర్రసైనికుడు చీకట్లో టార్చిలైటు వెలిగించి తన ప్రియురాలి ఫొటో కయోవాకు చూపడం వల్ల శత్రువు గురిపెట్టగలిగాడన్న బాధతో బురదలో వెతుకుతుంటాడు. అతడు వెతికేది శవం కోసం కాదు, ఫొటో కోసం. మరోవైపు అక్కడే మకాం వేయించిన క్రాస్, కయోవా తండ్రికి రాయవలసిన ఉత్తరాన్ని మనసులో రాసుకుంటూ, కొట్టివేసుకుంటూ ఉంటాడు.

దోషి ఎవరన్నది తేల్చకపోవడాన్ని విమర్శకులు సాధారణంగా మెటాఫిక్షన్ లక్షణంగా వివరిస్తారు. కేథరిన్ కాలవే, స్టీవెన్ కాప్లన్ 1990లలో రాసిన వ్యాసాలు ఈ దారి వేశాయి. ఆ వివరణ తప్పు కాదు, చాలదు. ఆత్మహత్య చేసుకున్న బౌకర్ కూడా కల్పిత వ్యక్తే. 1976లో ఒక పత్రికలో వచ్చిన 'స్పీకింగ్ ఆఫ్ కరేజ్' తొలి పాఠంలో కారు నడిపినవాడు బౌకర్ కాదు, కాచియాటో నవలానాయకుడు పాల్ బెర్లిన్. పాఠకుడు బౌకర్ తల్లి ఉత్తరం చదివి కంటతడి పెట్టి, ఆ తరువాత అదీ కల్పనేనని తెలుసుకుంటాడు. అప్పుడు కలిగే భావం ఒక్కటి కాదు. మోసపోయామన్న కోపం ఒకటి, ఇలా చావగల బౌకర్లు నిజంగా ఉన్నారన్న గుర్తింపు మరొకటి. అమెరికన్ మనోవైద్యుల సంఘం ఆఘాతానంతర మానసిక ఒత్తిడి రుగ్మతను తన నిర్ధారణ గ్రంథంలో చేర్చింది 1980లో మాత్రమే. వియత్నాం సైనికులకు ఏళ్ల తరబడి చికిత్స చేసిన వైద్యుడు జొనాథన్ షే 1994లో 'ఎకిలీస్ ఇన్ వియత్నాం' రాసి, ఆ వ్యథకు మూలం భయం కన్నా న్యాయం తప్పిపోయిందన్న ఎరుక అని, దాన్ని పదిమంది వినగా చెప్పుకోగలగడమే కోలుకోవడానికి దారి అని వాదించారు. బౌకర్‌కు దక్కనిది సరిగ్గా ఆ వినేవాడే. కథకునికి దక్కింది, పాఠకుడి రూపంలో.

5. ధర్మరాజు మాట, ఓబ్రయన్ మాట:

'గుడ్ ఫార్మ్' అనే చిన్న ఖండికలో ప్రతిపాదన సూటిగా వస్తుంది. తాను నలభై మూడేళ్ల రచయితనని, ఒకప్పుడు క్వాంగ్ ఙాయ్‌లో పదాతి సైనికునిగా నడిచానని, తక్కినది దాదాపు అంతా కల్పన అని కథకుడు చెబుతాడు. జరిగిన సత్యం ఇది: చుట్టూ ఎన్నో శవాలు పడి ఉండేవి, వాటికి ముఖాలుండేవి, వయసు చాలని తాను వాటివైపు చూడటానికి భయపడ్డాడు. ఇరవై ఏళ్ల తరువాత అతనికి మిగిలినది ముఖంలేని బాధ్యత, ముఖంలేని దుఃఖం. కథాసత్యం ఆ శవానికి ముఖమిస్తుంది. కూతురు 'ఎవరినైనా చంపావా' అని అడిగితే కథకుడు లేదనీ చెప్పగలడు, చంపాననీ చెప్పగలడు. రెండూ నిజాయితీతోనే.

మహాభారతం చదివిన పాఠకునికి ఇక్కడ ద్రోణపర్వం గుర్తుకు రావడం సహజం. భీముడు అశ్వత్థామ అనే ఏనుగును చంపాడు. ధర్మరాజు అశ్వత్థామ చనిపోయాడని పలికి, ఏనుగు అన్న మాటను వినీవినబడకుండా చేర్చాడు. జరిగినదానితో పోల్చి చూస్తే ఆ వాక్యంలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అయినా నేలకు నాలుగంగుళాల ఎత్తున సాగే అతని రథం నేలమీదికి దిగింది. ఓబ్రయన్ వాక్యం దీనికి తలకిందులు. వాస్తవం దృష్ట్యా అది అబద్ధం, ఉద్దేశం దృష్ట్యా సత్యం. అయితే భారతం ఆ రథాన్ని దింపింది ఏ కొలబద్దతో? వాక్యానికీ వాస్తవానికీ పొంతన ఉందా అని కాదు. ఆ వాక్యం విన్నవాడిని ఏమి చేసిందన్నదే కొలబద్ద. ద్రోణుడు ఆయుధం వదిలాడు. అదే కొలబద్దను కథాసత్యానికి పెట్టి చూడవలసి ఉంది. ఓబ్రయన్ కథ ఎవరి చెవిన పడుతోంది? విన్నవారు దేన్ని వదిలేయడానికి అది వీలు కల్పిస్తోంది?

మొదటి ప్రశ్నకు గ్రంథంలోనే ఒక ఇబ్బందికరమైన జవాబుంది. వినలేనివారిగా కనబడేది ఎక్కువగా స్త్రీలు. 'హౌ టు టెల్ ఎ ట్రూ వార్ స్టోరీ'లో రాట్ కైలీ, చనిపోయిన స్నేహితుడు కర్ట్ లెమన్ చెల్లెలికి హృదయం విప్పి ఉత్తరం రాస్తాడు, జవాబు రాదు, తిట్టుకుంటాడు. అంతకుముందే గేదెదూడను తునాతునకలుగా కాల్చి ఏడుస్తాడు. ఈ కథ విన్న ఒక పెద్దావిడ దూడ కోసం బాధపడితే, ఆమెకు అర్థం కాలేదని, ఇది యుద్ధకథ కాదు ప్రేమకథ అని కథకుడు లోలోపల విసుక్కుంటాడు. 1994లో లోరీ స్మిత్ ఈ కథలలోని లింగవివక్షను ఎత్తిచూపారు. ఆ అభ్యంతరానికి సమాధానం ఇంకా బలంగా రాలేదు. మన సంప్రదాయంలో యుద్ధం ముగిశాక రణభూమిని చూచి మాట్లాడే అధికారం స్త్రీపర్వంలో గాంధారికి దక్కింది. తిక్కన తెనిగించిన ఆ పర్వంలో చూసేదీ చెప్పేదీ తల్లులూ భార్యలూ. ఓబ్రయన్ గ్రంథంలో కాథ్లీన్, చిన్నతనంలోనే మెదడు కణితితో చనిపోయిన లిండా మాత్రమే ఈ విసుగుకు లోబడకుండా మిగులుతారు. ఇద్దరూ తొమ్మిది పదేళ్ల పిల్లలు కావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

6. పేరులేని మృతుడు:

'ద మేన్ ఐ కిల్డ్'లో కథకుడు గ్రెనేడుతో చంపిన యువకుని శవం ముందు కదలక మెదలక కూర్చుంటాడు. కన్ను స్థానంలో నక్షత్రాకారపు రంధ్రం, సన్నని నడుము, పల్చని వేళ్లు. అవే వివరాలు మళ్లీ మళ్లీ వస్తాయి. కథ అంతటా 'నేను' ఒక్క మాట మాట్లాడడు. మాట్లాడేది కయోవా, ఓదార్చడానికి. కథకుడు మౌనంగా ఆ యువకునికి ఒక జీవితాన్ని అల్లుతాడు. అతడు మై ఖే గ్రామస్థుడు, గణితం అంటే ఇష్టం, యుద్ధం ఇష్టం లేదు, అమెరికన్లు వెళ్లిపోతే బాగుండునని ప్రార్థించాడు, కుటుంబాన్నీ ఊరినీ తలవంపులపాలు చేస్తానేమోనని భయపడ్డాడు.

జాగ్రత్తగా చదివితే ఈ జీవితం పాఠకునికి కొత్తది కాదు. చదువంటే ఇష్టపడేవాడు, యుద్ధాన్ని కోరనివాడు, ఊరి ముందు సిగ్గుపడటానికి భయపడి ఆయుధం పట్టినవాడు రెయినీ నది పడవలో ముందే కనిపించాడు. కథకుడు శవానికి ఇచ్చిన ముఖం తన ముఖమే. సానుభూతిగా చూస్తే ఇది గొప్ప మానవీయ చర్య. చంపినవాడు చచ్చినవాడిలో తన్ను చూసుకున్నాడు. మరోలా చూస్తే, ఆ శవం వియత్నాం మనిషిగా మిగలనే లేదు. యుద్ధం రణరంగంలో ఒకసారి, జ్ఞాపకంలో మరొకసారి జరుగుతుందని 'నథింగ్ ఎవర్ డైస్' (2016)లో వాదించిన వియెట్ థాన్ ఙుయెన్, ఆ రెండో యుద్ధంలో అమెరికా తన సినిమాల, పుస్తకాల బలంతో ఎలా పైచేయి సాధించిందో వివరించారు. అమెరికన్ సైనికుని దుఃఖం ప్రపంచమంతా చదివే దుఃఖమైంది. ఈ విషయంలో ఓబ్రయన్‌ను తప్పుపట్టడం తేలిక, కాని ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి. ఆయన కథకుడు తనకు తెలుసునని ఎక్కడా అనడు. ఊహిస్తున్నానన్న సంగతి ప్రతి వాక్యంలోనూ కనబడేలా ఊహిస్తాడు.

అయినా ఈ లోటు ఎంతటిదో తెలియాలంటే బావో నిన్ నవలను పక్కన పెట్టుకోవాలి. ఉత్తర వియత్నాం సైన్యంలో పోరాడిన బావో నిన్ (జననం 1952) నవల ఇంగ్లీషులో 'ద సారో ఆఫ్ వార్'గా ప్రసిద్ధం. దానికి 1991లో వియత్నాం రచయితల సంఘం పురస్కారం లభించింది. ఓబ్రయన్ గ్రంథానికి ఇది ఇంచుమించు సమకాలికం. నాయకుడు కియెన్ యుద్ధం ముగిశాక మృత సైనికుల అవశేషాలను అడవిలో వెతికే దళంలో పనిచేస్తాడు, తరువాత హనోయ్‌లో రాత్రుళ్లు నవల రాస్తాడు. ఇక్కడా జ్ఞాపకం క్రమం తప్పుతుంది, రాసినది తనను తాను చెరుపుకుంటుంది. కాని తేడా స్పష్టం. కియెన్ వెతికే మృతులకు పేర్లున్నాయి, వారు తనవాళ్లు, వారి ఎముకలను చేత్తో ఏరవలసి ఉంది. ఓబ్రయన్ కథకుడు రాతపై పట్టు సడలించడు. ఏది కల్పనో, ఎప్పుడు చెప్పాలో అతనికి తెలుసు. కియెన్ మాత్రం రాతప్రతిని వదిలి మాయమవుతాడు. ఒక మూగ స్త్రీ దాన్ని దాస్తుంది, మరెవరో చేతికి అందిన పుటలను అందినట్టే చదువుతారు. వాస్తవాన్ని కథగా మార్చుకుని బతికి బట్టకట్టడం ఒక పుస్తకంలో ఉంది. కథ రాసినా బతుకు కట్టుబడకపోవడం రెండో దానిలో ఉంది. అమెరికన్ సైనికుడు ఏడాది తరువాత ఇంటికి తిరిగి వెళ్లే యుద్ధానికీ, పదేళ్లపాటు ఇంటిదగ్గరే జరిగిన యుద్ధానికీ నడుమ ఉన్న తేడా ఇది.

7. మైలాయ్ దగ్గర:

ఓబ్రయన్ పనిచేసిన క్వాంగ్ ఙాయ్ ప్రాంతంలోనే మైలాయ్ ఉంది. 1968 మార్చి 16న అమెరికల్ డివిజన్‌కు చెందిన చార్లీ కంపెనీ అక్కడ నిరాయుధులైన గ్రామస్థులను ఊచకోత కోసింది. వియత్నాం స్మారకం లెక్క 504 మంది, అమెరికా సైన్యం అంచనా 347. ఆనాటి అధికారిక నివేదిక మాత్రం 128 మంది శత్రుసైనికులను చంపినట్టు, మూడు ఆయుధాలు దొరికినట్టు రాసింది. 1969 నవంబరు దాకా లోకానికి తెలియలేదు. అదే డివిజన్‌లో ఉండి అదే నేలమీద నడిచిన ఓబ్రయన్‌కు ఆ ఊళ్లలో ఎదురైన ద్వేషానికి కారణం అప్పుడు తెలియదు.

సంఖ్యలూ నివేదికలూ ఇంత ఘోరంగా అబద్ధమాడిన యుద్ధం నుంచి వచ్చిన రచయిత, జరిగిన సత్యం అనే మాటను అనుమానించడంలో ఆశ్చర్యం లేదు. శీర్షిక కథలోని తూకపు అంకెలు కూడా ఆ సైనిక నివేదికా భాషకు వ్యంగ్యంగానే వినిపిస్తాయి. కాని మైలాయ్ ఈ ప్రతిపాదనకు రెండో వైపు నుంచి అడ్డు నిలుస్తుంది. అక్కడ ఎవరు కాల్చారు, ఎవరు ఆజ్ఞ ఇచ్చారు, గోతిలో ఎందరు పడ్డారు అన్నవి కథాసత్యానికి వదలదగిన ప్రశ్నలు కావు. ఆ విషయంలో దోషిని మూడు కథనాలలో మూడు రకాలుగా చూపితే లాభపడేది దోషులే. కయోవా మరణంలో సానుభూతిని పెంచిన పద్ధతి ఇక్కడ నేరాన్ని కప్పే పద్ధతి అవుతుంది.

ఈ హద్దును ఓబ్రయన్ గుర్తించారనడానికి ఆధారం ఆయన 1994లో చేసిన రెండు రచనలలో దొరుకుతుంది. 'ద థింగ్స్ దే క్యారీడ్'లో కథకుడు కూతురిని వెంటబెట్టుకుని వియత్నాం వెళ్లి కయోవా పాదరక్షలను నీటిలో పాతిపెట్టి తిరిగి వస్తాడు. అప్పటికి రచయిత యుద్ధం తరువాత ఆ దేశం వెళ్లనే లేదు. 1994 ఫిబ్రవరిలో నిజంగా వెళ్లారు, మైలాయ్ చూశారు, ఆ అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్ ఆదివార పత్రికలో 'ద వియత్నాం ఇన్ మి' అనే వ్యాసం ప్రచురించారు. అందులో కూతురు లేదు, నీటిలో పాతిపెట్టిన పాదరక్షలు లేవు, శాంతి లేదు. అదే ఏడాది వచ్చిన నవల 'ఇన్ ద లేక్ ఆఫ్ ద వుడ్స్'. మైలాయ్‌లో పాల్గొని, ఆ సంగతి దాచి రాజకీయాల్లో పైకి వచ్చి, అది బయటపడటంతో ఓడిపోయిన జాన్ వేడ్ కథ అది. భార్య అదృశ్యం గురించి ఆ నవల ఎన్నో ఊహలు చేస్తుంది, ఏదీ తేల్చదు. కాని మైలాయ్ వచ్చేసరికి పద్ధతి మారుతుంది. సైనిక న్యాయస్థానంలో, విచారణ సంఘం ఎదుట నిజమైన సైనికులు ఇచ్చిన వాంగ్మూలాలు అధస్సూచికలతో సహా పుటల్లోకి వస్తాయి.

వేడ్ తన గతాన్ని దాచిన తీరు ఆ నవలలో కొద్దిపాటి పుటలలోనే ఉంది. వియత్నాంలో చివరి రోజుల్లో అతన్ని దస్తావేజుల గదిలో పనికి వేస్తారు. ఒక రాత్రి అతడు తలుపు వేసుకుని, టైపురైటరు ముందు కూర్చుని చార్లీ కంపెనీ జాబితాల నుంచి తన పేరు తొలగించి, అంకెలు సరిచేసి, తనను మరో కంపెనీలో చేర్చుకుంటాడు. ఆ కంపెనీ పేరు ఆల్ఫా.